కుచ్చు దారం

(తెనాలిలో మహిళల కుట్టు శిక్షణ ముగింపు సభలో చేసిన ప్రసంగం)

వేదిక మీదున్న పెద్దలకు, మూడు నెలలపాటు ఎండనక వాననక వచ్చి కుట్టు నేర్చుకున్న 32 మంది అమ్మాయిలకు, వాళ్ళ వెంట వచ్చిన అమ్మలకు, అత్తలకు, వెనక కుర్చీల్లో ఫోన్లు చూసుకుంటున్న అన్నదమ్ములకు నమస్కారం. వేదిక మీద ఉన్నవాళ్ళ పేర్లన్నీ చదవమని నాకో చీటీ ఇచ్చారు. కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయాను. పెద్దలు ఏమీ అనుకోవద్దు.

"స్వయం ఉపాధిగా కుట్టుపని" అనే విషయం మీద మాట్లాడమన్నారు. మాట్లాడతాను. కొలతలు ఒకటికి రెండుసార్లు తీసుకోండి. లోపల కుట్టుకి గుడ్డ వదలండి, రేపు ఆవిడ ఒళ్ళు చేస్తే విప్పుకోవడానికి ఉంటుంది. చెప్పిన రోజుకి ఇవ్వండి. చుట్టాలకి అప్పు పెట్టకండి. అంతే, అయిపోయింది. 27 ఏళ్ళు మిషన్ తొక్కాక నాకు తెలిసింది ఇంతే.

మిగిలిన టైములో వేరే సంగతి చెబుతాను. మీ ఇళ్ళల్లో పిల్లులున్నవాళ్ళు చేతులెత్తండి. తొమ్మిది, పది, పదకొండు. మేం పెంచడం లేదు, పాల కోసం దానంతటదే వస్తుంది అనేవాళ్ళు కూడా ఎత్తండమ్మా, అదీ మీ పిల్లే. ఆ, చూశారా, సగం మందికి పైనే. రేపటి నుంచి మీ అందరి ఇళ్ళల్లో నేల మీద దారాలు పడతాయి. అందుకే ఈ గొడవ.

మా ఇంట్లో కాజా అని ఒక పిల్లి ఉండేది. తాపేశ్వరం కాజా కాదు, మన బొత్తాం కాజా. ఎండలో కూర్చుంటే దాని కంటిపాప సన్నగా నిలువుగా అయిపోయేది, శుభ్రంగా కుట్టిన కాజాలాగా. మా అబ్బాయి పెట్టిన పేరు అది. నేను మిషన్ మీద కూర్చుంటే పక్కనే గుడ్డ ముక్కల బుట్టలో పడుకునేది. మిషన్ చప్పుడుకి నిద్రపోయే పిల్లి, మిషన్ ఆగితే లేచేది.

ఎనిమిదేళ్ళ కిందట, శ్రావణమాసం. మీకు ఇంకా తెలీదు, వచ్చే శ్రావణానికి తెలుస్తుంది. వరలక్ష్మీ వ్రతానికి వారం ఉంది, చేతిలో 40 జాకెట్లు ఉన్నాయి. అవి కాక ఫాల్ కుట్టాల్సిన చీరలు. ఆకుపచ్చ చీరకి ఫాల్ కుడుతూ, పొయ్యి మీద పాలు పొంగుతున్న చప్పుడొస్తే లేచాను. తిరిగొచ్చేసరికి కాజా నోట్లోంచి జానెడు ఆకుపచ్చ దారం వేలాడుతోంది. సూది చీరకే ఉంది. హమ్మయ్య, దారమే కదా అనుకున్నాను.

అప్పుడు నేనేం చేశానో వినండి. "ముదనష్టపుదానా" అని తిట్టి, మెడ పట్టుకుని, దారం లాగాను. కొంచెం వచ్చింది. ఇంకొంచెం వచ్చింది. తర్వాత బిగిసింది. గట్టిగా లాగాను. తెగింది. చేతిలోకి వచ్చిన ముక్క చూసుకుని మొత్తం వచ్చేసిందనుకున్నాను. ఆ ముక్కని చుట్టి బుట్టలో పారేసి మళ్ళీ ఫాల్ కుట్టడానికి కూర్చున్నాను.

మర్నాడు వాంతులు. తిండి ముట్టలేదు. ఎదురింటావిడ ఉప్పునీళ్ళు తాగించమంది. పక్కింటావిడ ఆముదం అంది. ఉప్పునీళ్ళు దాని నోట పట్టలేదు గానీ ఆముదం పోశాను, సగం నోట్లో, సగం ముక్కులో. మూడో రోజు ఒక చోటికి తీసుకెళ్ళాను. ఎక్కడికన్నది వద్దులెండి. అక్కడ నోరు తెరిచి చూడలేదు. "పిల్లే కదమ్మా, ఎండదెబ్బ అయ్యుంటుంది, రెండ్రోజులు చూడండి" అని వాంతులు ఆగడానికి ఇంజెక్షన్ చేశారు. దారం సంగతి నేను చెప్పానా? చెప్పాను. "వచ్చేసిందన్నారు కదా" అన్నారు. నేనే అన్నాను మరి.

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. ఆ రెండ్రోజులు ఆగమన్నందుకు నాకు లోపల ఎంతో కొంత హాయిగానే అనిపించింది. 40 జాకెట్లు ఉన్నాయి కదా.

ఐదో రోజు బెజవాడ బయల్దేరాను. మొదటి ఆటో అతను బుట్టలో పిల్లిని చూసి ఎక్కించుకోనన్నాడు, పొద్దున్నే శకునం బాగోదన్నాడు. నేను అన్న మాటలు ఈ సభలో చెప్పకూడదు. బెజవాడలో ఆ డాక్టరమ్మ అన్నిటికంటే ముందు చేసిన పని, దాని నోరు తెరిచి, బొటనవేలితో గడ్డం కింద నుంచి పైకి నొక్కింది. నాలుక లేచింది. నాలుక మొదట్లో, అడుగున, కండలోకి దిగిపోయి ఆకుపచ్చ గీత ఉంది. నా చీర దారం. నాలుకకి చుట్టుకుని ఒక కొస అక్కడే ఇరుక్కుపోయింది. రెండో కొస ఎక్కడుందో అనుకుంటున్నారా?

అమ్మాయ్, ముందు వరసలో పసుపు చుడీదార్, ఇలా రా. ఈ గుడ్డ ముక్క పట్టుకో. గౌనుకి ఫ్రిల్ పెట్టడం నేర్పారు కదా? ఎలా పెడతాం? వదులుగా పొడవు కుట్టు వేసి, ఒక కొస ముడేసి, రెండో కొస పట్టుకుని లాగు. లాగు. గుడ్డంతా ఏమైంది? కుచ్చులు కుచ్చులుగా దగ్గరికొచ్చేసింది. పిల్లి కడుపులో పేగు కూడా సరిగ్గా ఇలాగే అయిపోతుంది. దారం ఒక కొస నాలుక కింద ముడి. రెండో కొసని పేగు తిండిని నెట్టినట్టు కిందికి నెడుతూ ఉంటుంది. దారం కదలదు కాబట్టి పేగే దారం మీదికి పాక్కుంటూ వచ్చి కుచ్చులు పడుతుంది. పడి ఊరుకోదు. బిగిసిన దారం లోపలి నుంచి రంపంలా కోస్తుంది. దానికి తోడు పైనుంచి నేను లాగాను. ఆ గుడ్డ నువ్వే ఉంచుకో అమ్మా, వెళ్ళి కూర్చో.

ఆపరేషన్ చేస్తే పేగుకి నాలుగు చోట్ల చిల్లులున్నాయి. కుట్లు వేశారు. నేను కుట్టిన ఏ కుట్టూ అంత శ్రద్ధగా కుట్టలేదు. రెండో రోజు రాత్రి కాజా పోయింది. మొదటి రోజే వచ్చుంటే నాలుక కింద దారం కత్తిరించి, కడుపులో ఉన్నది చిన్న కోతతో తీసేదాన్నని ఆ డాక్టరమ్మ చెప్పింది. తిట్టలేదు. తిట్టుంటే బాగుండేది.

పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం అంటాం. దారంతో ఆటలో మాత్రం చెలగాటమూ పిల్లిదే, ప్రాణసంకటమూ పిల్లిదే. కుక్క నోట్లోకి దారం పోతే ఒక్కోసారి ఉమ్మేస్తుంది. పిల్లి ఉమ్మలేదు. దాని నాలుక మీద చిన్న చిన్న ముళ్ళుంటాయి, అన్నీ గొంతువైపుకే వంగి ఉంటాయి. మీ చెయ్యి నాకినప్పుడు గరుకుగా తగిలేది అవే. దారం ఒకసారి వాటికి తగులుకుంటే వెల్క్రోకి అంటుకున్నట్టే, లోపలికి పోవడమే తప్ప బయటికి దారి లేదు. మిషన్ దారమే కాదు, ఊలు, రిబ్బను, జరీ పోగు, గాలిపటం దారం, కోడిమాంసం మూటకి కట్టిన పురికొస, అన్నీ ఒకటే లెక్క.

కాబట్టి ఏం చేయకూడదు? గట్టిగా చెప్పండి. లాగకూడదు. వెనకాల వినబడలేదు. లాగకూడదు! నోట్లోంచి వేలాడుతున్నా లాగొద్దు, వెనకవైపు నుంచి కనబడుతున్నా లాగొద్దు. ఇంట్లో కత్తెరతో కత్తిరించొద్దు, అది డాక్టర్ చేసే పని. తిండి, నీళ్ళు పెట్టకండి, ఒకవేళ మత్తు ఇవ్వాల్సొస్తే కడుపు ఖాళీగా ఉండాలి. మూత ఉన్న బుట్టలో పెట్టుకుని, ముందు ఫోన్ చేసి, బయల్దేరండి. మింగింది ఏ దారమో ఆ రీలు తీసుకెళ్ళండి. ఎన్నింటికి మింగిందో గుర్తుపెట్టుకోండి. సూది కూడా పోయిందేమో లెక్క చూసుకోండి. ఎక్స్‌రేలో సూది తెల్లగా కనబడుతుంది గానీ దారం కనబడదు. "నాలుక కింద చూడండి" అని మీరే అడగండి. సిగ్గుపడకండి. నేను అడగలేదు, నాకు తెలీదు.

ఇంకొకటి, వాంతి చేయించడం. ఉప్పునీళ్ళు, సబ్బునీళ్ళు, మీ ఇంట్లో ఎవరు చెప్పినా వద్దు. ఉప్పు ఎక్కువైతే ఉప్పే విషమై ఫిట్స్ వస్తాయి. సూదిలాంటిది పైకి వస్తూ ఇంకోసారి గుచ్చుకుంటుంది. కిరసనాయిలు, యాసిడ్ లాంటివైతే దిగేటప్పుడు ఒకసారి, ఎక్కేటప్పుడు ఒకసారి కాలుస్తాయి. వాంతి చేయించాలా వద్దా అన్నది డాక్టర్ చూసుకుని, అవసరమైతే ఇంజెక్షన్‌తో చేయిస్తారు. నేను పోసిన ఆముదం లాంటిది ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది. పాలు విషానికి విరుగుడు అన్నది కూడా పిల్లుల విషయంలో ఉత్తమాట.

కార్యదర్శిగారు గడియారం చూస్తున్నారు. రెండు నిమిషాలండీ. టీలు ఇంకా రాలేదుగా.

జ్వరం బిళ్ళ సంగతి చెప్పకుండా దిగను. మా తోటికోడలు వాళ్ళ పిల్లి ఒళ్ళు వేడిగా ఉందని పారాసిటమాల్ అర ముక్క నూరి పాలల్లో కలిపి పెట్టింది. ప్రేమతోనే పెట్టింది. మనం అరిగించుకున్నట్టు ఆ మందుని పిల్లి కాలేయం అరిగించుకోలేదు. సాయంత్రానికి మొహం వాచింది, చిగుళ్ళు చాక్లెట్ రంగులోకి మారాయి. ఈసారి నేను ఎవరి మాటా వినలేదు, మళ్ళీ ఆటోలో, మళ్ళీ బెజవాడకి. దానికి విరుగుడు మందు ఉంది, ఎసిటైల్ సిస్టీన్ అంటారు, మనుషులకి వాడేదే. బతికింది. మనుషుల మందు ఏదైనా సరే, పిల్లికి అర ముక్క కూడా వద్దు.

ఎలుకల మందు ఇంకో మాయ. కేకు బిళ్ళల్లా అమ్మేవి కొన్ని తిన్నరోజు ఏమీ కాదు. రెండు మూడు రోజులకి, ఒక్కోసారి ఐదు రోజులకి, రక్తం గడ్డకట్టక లోపల కారడం మొదలవుతుంది. ముందే వెళ్తే కె విటమిన్‌తో కాపాడతారు. నల్లటి పొడిలా ఉండేదీ, పేస్టులా ఉండేదీ వేరు రకాలు, వాటికి ఆ విరుగుడు పనిచేయదు. అందుకే ఆ ప్యాకెట్ చింపిన ముక్కైనా సరే పట్టుకెళ్ళండి. బట్టల బీరువాలో కలరా ఉండలు కూడా విషమే. ఫినాయిల్ వేసి తుడిచిన తడి నేల మీద నడిచి కాళ్ళు నాక్కున్నా ప్రమాదమే. బొత్తాంలాంటి గుండ్రటి బ్యాటరీ మింగితే గంటల్లో గొంతు లోపల కాలిపోతుంది.

ఇప్పుడు నాకిచ్చిన ఈ బొకే చూడండి. ఇందులో రెండు పెద్ద లిల్లీలున్నాయి. మన పూలబజారులో దండలు గుచ్చే లిల్లీ కాదు, అది రజనీగంధ, దాని జాతి వేరు. ఈ పెద్ద లిల్లీ ఆకు కొరికినా, ఒంటి మీద పడ్డ పుప్పొడి నాకినా, వాజులో నీళ్ళు తాగినా పిల్లికి రెండు మూడు రోజుల్లో కిడ్నీలు పోతాయి. ఇచ్చినవాళ్ళు తప్పుగా అనుకోవద్దు, నేనిది ఇంటికి తీసుకెళ్ళను. ఇప్పుడు మా ఇంట్లో ఇంకో పిల్లి ఉంది. ప్రిన్సిపాల్ గారూ, మీ ఇంట్లో పిల్లి లేదు కదా? అయితే మీరు పుచ్చుకోండి.

రేపు ఏదైనా జరిగితే ఎక్కడికెళ్ళాలన్నది ఇవాళే తెలుసుకుని పెట్టుకోండి. అర్ధరాత్రి వెతకొద్దు. గన్నవరంలో వెటర్నరీ కాలేజీ ఉంది. పశువుల అంబులెన్స్ నంబరు 1962, దాన్ని ఫోన్‌లో వేసుకోండి. పిల్లుల్ని చూసే డాక్టర్ మీ దగ్గర్లో ఎవరున్నారో కనుక్కుని ఆ నంబరు మిషన్ పక్కన గోడ మీద రాయండి. కస్టమర్ల కొలతలు రాసుకునే పుస్తకం మొదటి పేజీలో అయినా సరే. తిండి మానేస్తే "రెండ్రోజులు చూద్దాం" అనకండి. పిల్లి రెండు మూడు రోజులు వరసగా ఏమీ తినకపోతే దాని కాలేయానికే కొవ్వు పడుతుంది. "పిల్లే కదా" అన్న మాట ఎవరన్నా లేచి వచ్చేయండి, ఇంకో చోటికి వెళ్ళండి.

ఆ, వస్తున్నానండీ, అయిపోయింది.

బల్ల కింద ఆ రెండు గోనెసంచులు ఎవరైనా ఇలా తీయండి. 32 గాజు సీసాలున్నాయి, హార్లిక్స్‌వీ, పచ్చళ్ళవీ, నాలుగు నెలలుగా వీధంతా అడుక్కుని కడిగి పెట్టాను. తెగిన దారం, విరిగిన సూది, గుండుసూది, ఏదైనా నేల మీద పడకుండా ఇందులో వేయండి. కుట్టు ఆపి లేచేటప్పుడు, పాలు పొంగినా సరే, చేతిలో ఉన్న సూదీ దారమూ ఇందులో పడేసి మూత పెట్టి లేవండి. పేరు పిలిచినప్పుడు సర్టిఫికెట్ ఒక చేత్తో, సీసా ఒక చేత్తో తీసుకోండి. మూత బిగించి చూసుకోండి, రెండు మూడింటికి మరలు అరిగిపోయాయి, అవి నాకు తిరిగి ఇచ్చేస్తే వేరేవి ఇస్తాను.