బ్యాగు కదలకూడదు: ఇంట్లో కసరత్తుకు బరువు కలపడం ఎలా?

వ్యాఖ్యాత: నమస్కారం. ఇంట్లో దండీలు, బస్కీలు తీసేవాళ్లకి కొన్నాళ్లు పోయాక ఒంటి బరువు సరిపోదు. పైన బరువు ఎలా కలపాలో చెప్పడానికి శిక్షకులు స్టూడియోలో ఉన్నారు. మొదటి కాల్ కరీంనగర్ నుంచి. చెప్పండి.

శ్రోత: నమస్తే సార్. నేను 60 కిలోలుంటా. పుషప్స్ 30 ఆగకుండా తీస్తున్నా. కాలేజీ బ్యాగులో పుస్తకాలేసుకుని తీస్తే, కిందికి దిగంగనే బ్యాగు మెడ మీదికి జారుతుంది. నడుం కూడా గుంజుతుంది.

శిక్షకుడు: బ్యాగు ఎన్ని కిలోలు బాబూ?

శ్రోత: తూచలేదు సార్. పదో పన్నెండో ఉంటది.

శిక్షకుడు: తూచాలి. బ్యాగుతో ఒకసారి, లేకుండా ఒకసారి బరువు మిషను ఎక్కు, తేడా తెలుస్తుంది. పుషప్‌లో నీ ఒంటి బరువులో ఇంచుమించు మూడింట రెండొంతులు చేతుల మీద పడుతుంది. అంటే ఇప్పటికే 40 కిలోలు నెడుతున్నావు. మొదట 3 కిలోలు కలిపితే చాలు.

ఇక నడుం సంగతి. పుషప్‌లో పాదాలు ఇరుసు లాంటివి. బరువు భుజాల దగ్గరుంటే చేతులు మోస్తాయి. నడుం మీదికి దిగితే, నవారు వదులైన మంచంలా నడుం కిందికి కుంగుతుంది. నీకు నొప్పి అక్కడే వస్తోంది.

శ్రోత: మరి ఎట్ల సర్దాలె సార్?

శిక్షకుడు: పుస్తకాలు తీసెయ్. వాటి అంచులు వెన్నుకి గుచ్చుకుంటాయి, లోపల జారతాయి కూడా. కిలో బియ్యం ప్యాకెట్లో, పప్పు ప్యాకెట్లో మూడు తీసుకో. బ్యాగు అడుగున మడత దుప్పటి పెట్టు, అప్పుడు బరువు పైకి, భుజాల రెక్కల మధ్యకి వస్తుంది. ప్యాకెట్లు వీపు వైపు ఆనించి, మిగిలిన ఖాళీలో పాత బట్టలు కుక్కు. బ్యాగుని ఊపి చూడు. లోపల ఏదైనా కదిలితే మళ్లీ సర్దు. పట్టీలు బిగించి, రెండింటినీ ఛాతీ మీదుగా పాత చున్నీతో కలిపి కట్టు. జారడం ఆగేది ఆ కట్టుతోనే. బిగుతు ఎంతంటే, ఊపిరి నిండా పీల్చగలగాలి.

మోకాళ్ల మీద కూర్చుని బ్యాగు తగిలించుకో. చెయ్యలేకపోతే ముందు మోకాళ్లు నేలకి ఆనించు. అలాగే వదిలేస్తే ముఖం టైల్స్‌కి కొట్టుకుంటుంది.

వ్యాఖ్యాత: ఎప్పుడు పెంచాలండీ?

శిక్షకుడు: 3 సెకన్లలో కిందికి దిగి, ఒక సెకను ఆగి లేవాలి. అలా 12 చొప్పున మూడు విడతలు, రెండు వేర్వేరు రోజుల్లో నడుం కుంగకుండా వస్తే అప్పుడు కిలో కలపండి. రోజు విడిచి రోజు చాలు. అసలు బ్యాగు లేకుండా ఇదే లెక్కన 15 రాని వాళ్లకి బరువుతో ఇంకా పని లేదు. చాలామంది 30 తీస్తున్నామంటారు, సగం వరకే దిగుతారు.

వ్యాఖ్యాత: తెనాలి నుంచి ఒకమ్మ.

శ్రోత: నమస్కారమండీ. నాకు 48. బీపీ మాత్ర వేసుకుంటాను. బస్కీలకి 20 లీటర్ల వాటర్ క్యాన్ పట్టుకోమని మా అబ్బాయి అంటున్నాడు.

శిక్షకుడు: వద్దమ్మా. అది 20 కిలోలు. సగం నింపినా నీళ్లు అటూ ఇటూ కొట్టుకుంటాయి, దాంతో ఒళ్లు తూలుతుంది. చెమట చేతికి దాని మెడ కూడా నిలవదు. బీపీ అదుపులో ఉందా?

శ్రోత: ఉందండీ.

శిక్షకుడు: అయినా బరువు పెడుతున్నానని డాక్టరుగారికి చెప్పండి. 2 కిలోల బియ్యం సంచీని పసిబిడ్డని ఎత్తుకున్నట్టు గుండెకి హత్తుకోండి. వెనక గోడకి ఆనించిన కుర్చీ ఉండాలి. ప్లాస్టిక్ కుర్చీ టైల్స్ మీద జారుతుంది, చెక్కదైతే నయం. మెల్లగా కుర్చీకి తగిలేదాకా దిగి, ఊపిరి వదులుతూ లేవండి. ఊపిరి బిగబడితే బీపీ ఒక్కసారిగా ఎగురుతుంది. అందుకే పైకి వినిపించేలా లెక్కపెట్టండి, బిగబట్టడం కుదరదు. ఎనిమిదేసి రెండు విడతలు. గుండె పట్టేసినట్టున్నా, కళ్లు తిరిగినా ఆపి కూర్చోండి. గుండె పట్టు తగ్గకపోతే 108కి ఫోన్ చెయ్యాలి.

వ్యాఖ్యాత: చివరి కాల్, విశాఖ.

శ్రోత: సార్, రబ్బరు బ్యాండు తలుపుకి కట్టి లాగొచ్చా? ఫ్యాన్ కొక్కేనికైతే ఎలా ఉంటుంది?

శిక్షకుడు: ఫ్యాన్ కొక్కెం జోలికి వెళ్లకండి. అది ఫ్యాన్ మోయడానికి పెట్టింది, మనిషి లాగే కుదుపులకి కాదు. తలుపుకైతే, మీరు లాగితే తలుపు ఇంకా బిగుసుకునే వైపు నిలబడండి. తెరుచుకునే వైపు నిలబడితే తలుపే మీ మీదికొస్తుంది. బందుల వైపు కట్టి, గడియ పెట్టండి. ఇంట్లో పిల్లలుంటే ముందే చెప్పండి.

బ్యాండుని రోజూ వెలుతురుకి ఎదురుగా సాగదీసి చూడండి. సన్నటి చీలిక కనిపించినా పారేయాలి, ముడేసి వాడొద్దు, ముడి దగ్గరే తెగుతుంది. ఎండ, నూనె రెండూ తగలనివ్వకండి. ముఖానికి సూటిగా ఎప్పుడూ లాగొద్దు, తెగితే కంటికే తగులుతుంది.