బంకు మూసేసినా పెట్రోల్ పోదు: పులుసు దాకలో చూపిస్తాను

[బల్ల మీద మట్టి దాక, గరిటె, టీడీఎస్ మీటరు]

నమస్కారం. ముందు ఈ మీటరు సంగతి తేల్చేద్దాం. మా మావయ్య కొత్తపేట వైపు రోడ్డు పక్కన ఒక స్థలం బేరమాడుతున్నారు. అక్కడ ఒకప్పుడు పెట్రోల్ బంకు ఉండేది. మూసేసి పన్నెండేళ్లయింది. బ్రోకరు మూలనున్న బోరింగు కొట్టి, గ్లాసులో నీళ్లు పట్టి, ఇలాంటి మీటరే ముంచాడు. 310 చూపించింది. "చూశారా, నీళ్లు బ్రహ్మాండంగా ఉన్నాయండీ" అన్నాడు. మావయ్యా తలూపారు. నాకు కడుపు మండిపోయింది. ఈ మాట నేను వినడం ఇది మొదటిసారి కాదు.

ఈ మీటరు చూసేది నీళ్లలో కరెంటు ఎంత బాగా పారుతోందన్నదే. ఉప్పులు కరిగితే పారుతుంది, దాన్నిబట్టి అంకె వేస్తుంది. పెట్రోలులోంచి కరిగిన బెంజీన్ దీనికి కనబడదు. బెంజీన్ క్యాన్సర్ తెచ్చే పదార్థం. తాగే నీళ్లలో దానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు లీటరుకు 10 మైక్రోగ్రాములు. ఇప్పటి నిబంధనల ప్రకారం పెట్రోలులో బెంజీన్ 1 శాతం మించకూడదు. ఆ లెక్కనే చూసినా, ఒక్క లీటరు పెట్రోలులోని బెంజీనంతా కరిగితే 8 లక్షల లీటర్లకు పైగా నీళ్లను ఆ హద్దుకు తెస్తుంది. మీటరు మాత్రం అదే 310 చూపిస్తూ ఉంటుంది.

"పన్నెండేళ్లయింది కదా, ఎప్పుడో ఆవిరైపోయుంటుంది" అనేది రెండో మాట. దీనికే ఈ దాక తెచ్చాను.

చేపల పులుసులో నూనె ఎక్కడుంటుంది? పైన తేలుతుంది. పెట్రోలూ అంతే. లీటరు నీళ్లు కిలో తూగితే, పెట్రోల్ సుమారు ముప్పావు కిలోనే. భూమిలో ట్యాంకో పైపో తుప్పు పట్టి కారితే, పెట్రోల్ మట్టిలోంచి దిగుతూ దిగుతూ వెళ్లి, నీళ్లు తగలగానే వాటి మీద పరుచుకుంటుంది. పైన కాంక్రీటు ఉంటే ఆవిరి బయటికి పోయే దారి కూడా సరిగా ఉండదు.

[గరిటె అడుగుదాకా ముంచుతూ]

ఇప్పుడు గరిటె అడుగుకంటా దించి తీశాననుకోండి. వచ్చేది పులుసు, నూనె కాదు. లోతు బోరు కూడా ఇలాంటి గరిటే. దాని ఫిల్టరు పైపు, అంటే నీళ్లు లోపలికొచ్చే చిల్లుల పైపు, అడుగున ఉంటుంది, నూనె పైన తేలుతుంది. ఆ నీళ్లు ఎంత పెద్ద ల్యాబుకి పంపినా పైన తేలేది దొరక్కపోవచ్చు. అందుకని పరీక్ష కోసం వేసే బోరుకి చిల్లుల పైపు నీటి మట్టానికి కొంచెం పైనుంచి కొంచెం కిందదాకా ఉండాలి.

మన డెల్టాలో ఇంకో చిక్కుంది. ఈ పులుసు మట్టం నిలకడగా ఉండదు. కాలువలు పారుతుంటే నేలలో నీరు పైకొస్తుంది. వేసవిలో కాలువలు కట్టేస్తే దిగిపోతుంది. పులుసు ఇగిరినప్పుడు దాక గోడకి ఏం మిగులుతుంది?

[దాకను కెమెరా వైపు వంచి]

ఇదిగో, నూనె చార. రెండు వేళ్ల వెడల్పుంది. నేలలో కూడా ఏటా నీరు ఎక్కి దిగినప్పుడల్లా పెట్రోల్ ఇలాగే మట్టి రేణువులకి పూసుకుపోతుంది. మళ్లీ కాలువలు వదిలితే ఆ చార నీళ్లలో మునుగుతుంది. అప్పుడు బోరులో నూనె పొర పలచబడి, ఒక్కోసారి అసలు కనబడదు. అయిపోయిందనుకుంటాం. మునిగిన చార మాత్రం అక్కడే ఉండి, ఏళ్ల తరబడి నీళ్లలోకి బెంజీన్ వదులుతూనే ఉంటుంది.

సముద్రం వైపు చాలా ఊళ్లలో లోతు నీళ్లు ఉప్పన. అందుకే మనవాళ్లు పై ఇసుక పొరలోకి ఫిల్టరు పాయింట్లు దించుకుని తీపి నీళ్లు తోడుకుంటారు. అంటే పెట్రోల్ తేలే పొరా, మనం తోడుకునే పొరా ఒకటే. ఈ ఒక్క ముక్క చెప్పడానికే ఈ వీడియో చేస్తున్నాను.

టైము దాటిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను. ముందు పాత పనివాళ్లని వెతికి పట్టుకోండి. ట్యాంకులు ఎక్కడ పూడ్చారు, పైపులు ఎటు వెళ్లాయి, ట్యాంకరు ఎక్కడ దింపేవారు అన్నది వాళ్లకే తెలుస్తుంది. ఆ చోట్ల చేతి ఆగరుతో, అంటే చేత్తో తిప్పి నేల తొలిచే బర్మాతో, అర మీటరు లోతుకొకసారి మట్టి తీయించాలి. వాసన ముక్కుతో చూడకండి, ఆవిరి పసిగట్టే మీటరు ఉంటుంది. మన దేశంలో సీసం కలిపిన పెట్రోల్ 2000లో ఆగింది. బంకు అంతకంటే పాతదైతే సీసం పరీక్ష కూడా రాయించండి. బోర్లు కనీసం మూడు, ముక్కోణంలో వేయాలి. వరసలో వేస్తే నీరు ఎటు నడుస్తోందో తేలదు. పక్క చేపల చెరువు వాళ్లు మోటారు వేస్తే ఆ దారి కూడా మారుతుంది. నీళ్లు గాజు సీసాలో గాలి బుడగ లేకుండా అంచుదాకా నింపి, ఐసు పెట్టెలో పంపాలి. ఖాళీ ఉంటే బెంజీన్ అందులోకి ఆవిరైపోయి రిపోర్టు తక్కువ చూపిస్తుంది. పాత ట్యాంకులోకి గానీ, నూతిలోకి గానీ మనిషిని దింపకండి. పెట్రోల్ ఆవిరి గాలికంటే బరువు, అడుగునే పేరుకుంటుంది. ప్రాణం పోతుంది.

మావయ్య ప్రస్తుతానికి బేరం ఆపారు. కాలువలు కట్టేశాక ఒకసారి, వదిలాక అవే బోర్లలోంచి ఇంకోసారి నీళ్లు తీయిస్తున్నాం. రెండు రిపోర్టులూ చేతికొచ్చాకే అడ్వాన్సు ఇస్తానని బ్రోకరుకి చెప్పేశారు.