పీజీ చదువులోనే పాఠం చెప్పడం నేర్పాలి

అందరికీ నమస్కారం. ఈ సభలో పీజీ విద్యార్థులకు నేర్పే గైడ్లే ఎక్కువ కాబట్టి నేరుగా విషయానికొస్తాను.

సైకియాట్రీ ఎండీ 3 ఏళ్లు, ఆపైన సీనియర్ రెసిడెంటుగా 1 ఏడాది. ఆ తర్వాత అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకు అర్హత వచ్చేస్తుంది. ఈలోపు ఆ పీజీలు పాఠం చెబుతుంటే పక్కన కూర్చుని చూసినవాళ్లెవరు? చాలాచోట్ల ఎవరూ ఉండరు. వార్డులో హౌస్ సర్జన్లకు రోజూ నేర్పేది మాత్రం పీజీలే. హౌస్ సర్జన్ మన దగ్గర ఉండేది 2 వారాలు. రేపు పీహెచ్‌సీలో పురుగులమందు తాగి బతికిన మనిషితో అతను ఎలా మాట్లాడతాడన్నది ఇక్కడ చూసినదాన్నిబట్టే ఉంటుంది.

మొదటి ఏడాదిలో మైక్రోటీచింగ్, అంటే చిన్న పాఠంతో బోధన సాధన, పెట్టండి. 6 నిమిషాల పాఠం, 6 నిమిషాలు లోటుపాట్ల చర్చ, 12 నిమిషాల్లో పాఠాన్ని సరిదిద్దుకోవడం, మళ్లీ 6 నిమిషాల పాఠం, 6 నిమిషాల చర్చ. మొత్తం 36 నిమిషాలు. స్కిజోఫ్రీనియా మొత్తం చెప్పబోతే కుదరదు. ఇల్యూజన్‌కీ (ఉన్నదాన్ని మరోలా పొరబడటం) హాలూసినేషన్‌కీ (లేనిది ఉన్నట్టు కనిపించడం, వినిపించడం) తేడా వంటి ఒక్క అంశం చాలు. టైం లేదని రెండోసారి చెప్పించడం మానేస్తారు. అసలు నేర్చుకునేది అక్కడే, దయచేసి అది వదలకండి. చర్చలో 'బాగా చెప్పావు' అంటే ఏమీ చెప్పనట్టే. 'ఉదాహరణ ఇచ్చావు, కానీ ప్రశ్న అడిగి జవాబు కోసం ఆగలేదు' అంటే పనికొస్తుంది.

రెండో ఏడాది ఓపీలో 'వన్ మినిట్ ప్రిసెప్టర్'. రోగిని చూస్తూనే క్లుప్తంగా నేర్పేందుకు 1992 నుంచి వాడుకలో ఉన్న అయిదు మెట్ల పద్ధతి ఇది. హౌస్ సర్జన్ వచ్చి "డిప్రెషన్ మేడమ్, ఎస్సిటలోప్రామ్ మొదలుపెడదామా?" అన్నాడనుకోండి. నిర్ణయం అతనే చెప్పాడు కాబట్టి మొదటి మెట్టు అయింది. ఇప్పుడు పీజీ "ఏం చూసి అనుకున్నావు?" అని అడగాలి. హౌస్ సర్జన్ రోగిని నిద్ర, ఆకలి, ఆత్మహత్య ఆలోచనల గురించి అడిగాడు. గతంలో ఎప్పుడైనా నిద్ర లేకపోయినా హుషారుగా, విపరీతంగా ఖర్చుపెడుతూ గడిపిన రోజులున్నాయా అని అడగలేదు. అప్పుడు ఒకే ఒక్క సూత్రం చెప్పాలి: ఎస్సిటలోప్రామ్ లాంటి యాంటీడిప్రెసెంట్ (డిప్రెషన్ మందు) రాసేముందు ప్రతి రోగినీ, తోడొచ్చినవాళ్లనీ మేనియా గురించి, అంటే అలాంటి అతి హుషారు రోజుల గురించి, అడగాలి, డిప్రెషన్‌తోపాటు మేనియా కూడా వచ్చే బైపోలార్ జబ్బు అయితే ఆ మందుతో మేనియా ఎగదన్నవచ్చు. ఆత్మహత్య ఆలోచనల గురించి అడిగినందుకు మెచ్చుకుని, తప్పిన ప్రశ్నను ఇప్పుడే వెళ్లి అడిగి రమ్మనాలి.

ఇక్కడ పీజీలు చేసే పొరపాటు ఒకటే. మూడో మాటకే కేసు తమ చేతిలోకి తీసుకుని పావుగంట లెక్చరిస్తారు. ఇంకోటి, రోగి ఎదురుగానే ఇంగ్లీషులో అతని గురించి చర్చిస్తారు. మాటలు అర్థంకాకపోయినా తన గురించేనని అతనికి తెలుస్తుంది, మర్నాడు నోరు విప్పడు. చర్చ గది బయట జరగాలి.

నాయకత్వానికి వేరే కోర్సు అక్కర్లేదు. చివరి ఏడాది డ్యూటీ రోస్టర్ వేయించండి, కేస్ కాన్ఫరెన్సు నడిపించండి. జిల్లా ఆసుపత్రిలో పనిచేసే 3 నెలల జిల్లా రెసిడెన్సీకి వెళ్లినప్పుడు అక్కడి నర్సులకు ఒక శిక్షణ తరగతి వాళ్లచేతే ప్లాన్ చేయించండి. రోస్టర్‌పై గొడవొస్తే వెంటనే మీరు కల్పించుకోకండి. ముందు ఇద్దరి వాదనా విని, నిర్ణయం రాసి, కారణంతో సహా నోటీసుబోర్డులో పెట్టమనండి. రోగి భద్రతకు ముప్పు వస్తేనే మీరు దిగాలి.