గొలుసు కట్టడం తేలికే, ఆపడంలోనే ఉంది పనంతా

అందరికీ నమస్కారం. పాలిమరైజేషన్ అనగానే మనకి స్కూల్లో చెప్పిన ముక్క గుర్తొస్తుంది, చిన్న అణువులు చెయ్యీ చెయ్యీ పట్టుకుని పొడుగాటి గొలుసు అవుతాయని. కరెక్టే, కానీ ప్లాంట్‌లో అసలు తలనొప్పి గొలుసు కట్టడం కాదు, అందులోంచి పుట్టే వేడిని లాగెయ్యడం, సరైన చోట ఆపడం. ఇవాళ దాని గురించే మాట్లాడతా.

ముందు పాలిథిన్. 1933లో ఇంగ్లండ్‌లో ఐసీఐ కంపెనీలో గిబ్సన్, ఫాసెట్ అని ఇద్దరు ఇథిలీన్ అనే గ్యాస్‌ని బెంజాల్డిహైడ్ అనే ఇంకో రసాయనంతో కలిపి వెయ్యి అట్మాస్ఫియర్లు దాటిన ప్రెషర్‌లో పెట్టారు. అనుకున్న రియాక్షన్ జరగలేదు, విప్పి చూస్తే మైనంలాంటి తెల్లటిది ఏదో అంటుకుని ఉంది, మొత్తం గోకినా గ్రాము లేదు! మళ్ళీ చేద్దామంటే ఒకసారి వస్తుంది, ఒకసారి రాదు, ఒక్కోసారి పేలిపోతుంది. 1935లో అదే కంపెనీలో మళ్ళీ ట్రై చేశాక తెలిసిందేంటంటే, గ్యాస్‌తో పాటు పొరపాటున లోపలికెళ్ళిన రవ్వంత ఆక్సిజనే పని మొదలెడుతోందని.

ఆ రవ్వంత ఆక్సిజన్ నుంచి ఫ్రీ రాడికల్ పుడుతుంది, అంటే జత లేని ఒంటరి ఎలక్ట్రాన్ ఉన్న ముక్క అన్నమాట, అది ఇథిలీన్‌లో రెండు కార్బన్ల మధ్య ఉన్న డబుల్ బాండ్‌ని, అంటే జంట బంధాన్ని, విప్పి తగులుకుంటుంది, ఇప్పుడు ఒంటరితనం అవతలి కొసకి వెళ్తుంది, అది ఇంకోదాన్ని పట్టుకుంటుంది, అలా క్షణంలో వేలు. విప్పిన ప్రతిసారీ వేడి. కేజీ ఇథిలీన్ పాలిథిన్ అయ్యేసరికి వచ్చే వేడితో సుమారు పది లీటర్ల నీళ్ళు మరిగించొచ్చు. అందుకే ఈ హై ప్రెషర్ పద్ధతిలో ఒక్క రౌండ్‌కి మూడో వంతు గ్యాస్ మారడమే ఎక్కువ, మిగతాది చల్లార్చి మళ్ళీ తిప్పుతారు. 1953లో జర్మనీలో జీగ్లర్ అనే కెమిస్ట్ కనిపెట్టిన కేటలిస్ట్, అంటే రియాక్షన్‌ని తేలిక చేసే పదార్థం, వచ్చాకే మామూలు ప్రెషర్‌లో, కొమ్మలు లేని తిన్నని గొలుసులు కుదిరాయి.

ఇక రబ్బరు, నాకు బాగా ఇష్టమైన టాపిక్. టైర్లలో వాడే ఎస్‌బీఆర్‌కి, అంటే స్టైరీన్-బ్యూటడీన్ రబ్బరుకి, బ్యూటడీన్ ముప్పావు వంతు, స్టైరీన్ పావు వంతు. రెండిటినీ సబ్బు నీళ్ళలో వేసి గిలకొడతారు, గొలుసులు ఆ సబ్బు గుంపుల్లోపల పెరుగుతాయి, చుట్టూ నీళ్ళుంటాయి కాబట్టి వేడి గోల చాలావరకు తగ్గుతుంది. మొదట్లో 50 డిగ్రీల దగ్గర చేసేవాళ్ళు, తర్వాత 5 డిగ్రీలకి దించితే రబ్బరు ఇంకా మెరుగ్గా వచ్చింది, దాన్నే కోల్డ్ రబ్బర్ అంటారు. అచ్చం పాలలా ఉండే లేటెక్స్ తయారవుతుంది, అందులో ఉప్పు, యాసిడ్ పోస్తే పాలు విరిగినట్టే విరిగి తెల్లటి పలుకులు తేలతాయి, వాటిని కడిగి, ఆరబెట్టి, నొక్కి దిమ్మలు చేస్తారు.

కానీ ఇక్కడో మెలిక ఉంది. దాదాపు 60 శాతం మారగానే మందు వేసి రియాక్షన్ ఆపేస్తారు, ఇంకా బోలెడు సరుకు మిగిలున్నా సరే. ఎందుకంటే గొలుసులో చేరాక కూడా ప్రతి బ్యూటడీన్ ముక్కలో ఒక డబుల్ బాండ్ మిగిలే ఉంటుంది, పక్క గొలుసు దాన్ని పట్టుకుందంటే అన్నీ చిక్కుపడి జెల్ అయిపోతుంది, ఇక ఏ మెషీన్‌లోనూ సాగదు. రియాక్టర్లో ఇంత కష్టపడి కాపాడిన ఆ డబుల్ బాండ్ల పక్కనే, తర్వాత గంధకం కలిపి టైర్ అచ్చులో వేడిచేసి, ఆ చిక్కుముళ్ళే కావాలని వేస్తారు.