విండోస్ 11కి మారాక ఆఫీసు ప్రింటర్ మొరాయిస్తోందా? మూడు వైద్యాలు, నా మార్కులు

నమస్కారం. ఇదిగో, ఈ లేజర్ ప్రింటర్‌ను చూడండి. నలుగురు పనిచేసే ఒక ఆడిటర్ గారి ఆఫీసులో ఐదేళ్లుగా నోరెత్తకుండా పనిచేసింది. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మద్దతు ముగిసింది కదా, అన్ని కంప్యూటర్లనూ 11కి మార్చాం. మర్నాడు పొద్దున్నే ఫోను: "ప్రింటు రావడం లేదండీ, 20వ తేదీ దగ్గర పడుతోంది." జీఎస్‌టీ రిటర్నుల గడువు మరి.

అక్కడి అమరిక మీకూ తెలిసిందే. ప్రింటర్ యూఎస్‌బీ కేబుల్‌తో అకౌంటెంట్ గారి కంప్యూటర్‌కు ఉంటుంది. మిగతా ముగ్గురూ షేరింగ్ ద్వారా ఆయన కంప్యూటర్ మీదుగా ప్రింటు తీసుకుంటారు. ఆయనకు వస్తోంది, వాళ్లకు రావడం లేదు. రెండింటిలో చివర 11బి అని ఉన్న ఎర్రర్, మూడో దాంట్లో 709.

మొదటి వైద్యం, స్పూలర్. అంటే ప్రింట్లను వరుసలో పెట్టి ప్రింటర్‌కు పంపే విండోస్ సర్వీసు. సర్వీసెస్‌లో ప్రింట్ స్పూలర్‌ను ఆపి, సిస్టమ్32లోని స్పూల్ ఫోల్డర్‌లో ప్రింటర్స్ అనే ఫోల్డర్ తెరిచి, లోపలివన్నీ తీసేసి, మళ్లీ స్టార్ట్ చేయడం. తెరిచి చూస్తే ఒకే చలానా పదిహేడు సార్లు! రాకపోతే మళ్లీ నొక్కడం మన అలవాటు. వరుస ఖాళీ అయింది గానీ ఎర్రర్ కదలలేదు. ఇరుక్కున్న ప్రింట్లకు ఇది మంచి మందే, ఈ జబ్బుకు కాదు. 10కి 4.

రెండోది అందరూ చెప్పే రిజిస్ట్రీ చిట్కా. రిజిస్ట్రీ అంటే విండోస్ లోపలి సెట్టింగుల ఖజానా. ఇక్కడ కాస్త ఆగుదాం. ప్రింట్ స్పూలర్‌లో బయటపడ్డ ఒక భద్రతా లోపాన్ని మూయడానికి 2021లో మైక్రోసాఫ్ట్ వేసిన తాళమే ఈ 11బి. ప్రింటు పంపే కంప్యూటర్, అందుకునే కంప్యూటర్ మాట్లాడుకునే మాటలు ఎన్‌క్రిప్ట్ అయి ఉండాలన్నది నిబంధన. అదే ఏడాది స్పూలర్‌లోనే ప్రింట్‌నైట్‌మేర్ అనే మరో భద్రతా లోపం గొడవ వచ్చింది. ఆ తర్వాత షేర్డ్ ప్రింటర్ డ్రైవర్ (ప్రింటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) ఎక్కించడానికి అడ్మిన్ అనుమతి తప్పనిసరైంది. ఆపైన విండోస్ 11 22హెచ్2 అనే 2022 వెర్షన్‌లో, రెండు కంప్యూటర్ల మధ్య ఆ మాటలు నడిచే దారినే మార్చారు: పాత నేమ్డ్ పైప్స్ పద్ధతి బదులు టీసీపీ పద్ధతి. రిజిస్ట్రీలో ఒక విలువను సున్నా చేస్తే 11బి పోతుంది, నిజమే. కానీ అది తాళంచెవి దొరకలేదని తలుపే పీకేయడం. క్లయింట్ల పాన్, ఆధార్ వివరాలు ఉండే ఆఫీసులో నేను చేయను. 10కి 1. ఆ ఒక్కటీ గడువు రాత్రి గండం గట్టెక్కిస్తుందని.

మూడో వైద్యానికి ప్రింటర్‌ను వెనక్కి తిప్పాలి. కెమెరా దగ్గరికి తెస్తున్నాను. యూఎస్‌బీ పక్కన, దుమ్ము పట్టిన స్టిక్కర్ కింద, లాన్ పోర్టు! కొన్ననాటి నుంచీ ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. రౌటర్ నుంచి ఒక కేబుల్ లాగి పెట్టాను. ప్రింటర్ మెనూ నుంచి కాన్ఫిగరేషన్ పేజీ తీస్తే ఐపీ అడ్రస్, అంటే నెట్‌వర్క్‌లో ప్రింటర్ చిరునామా, అచ్చయి వస్తుంది. రౌటర్‌లో ఆ అడ్రస్‌ను ఈ ప్రింటర్‌కే రిజర్వ్ చేయండి. లేకపోతే కరెంటు పోయి వచ్చిన రోజున అడ్రస్ మారి, మళ్లీ నాకు ఫోను చేస్తారు.

ఇక ప్రతి కంప్యూటర్‌లోనూ ప్రింటర్‌ను మాన్యువల్‌గా చేర్చండి. పరికరం రకం టీసీపీ/ఐపీ అని ఎంచుకోండి. విండోస్ తనంతట తాను వెతికి చూపించే డబ్ల్యూఎస్‌డీ పోర్టు జోలికి వెళ్లకండి, అది తరచూ మాట తప్పుతుంది. ప్రింటర్ ఆన్‌లో ఉన్నా ఆఫ్‌లైన్ అని చూపిస్తే, పోర్ట్ సెట్టింగుల్లో ఎస్‌ఎన్‌ఎంపీ స్టేటస్ (ప్రింటర్ స్థితిని అడిగి తెలుసుకునే పద్ధతి) టిక్ తీసేయండి. 10కి 9. ఒక మార్కు ఎందుకు తగ్గించానంటే, నాలుగు చోట్లా డ్రైవర్ విడివిడిగా ఎక్కించాలి.

మెషీన్ నుంచి కంప్యూటర్‌లోని షేర్డ్ ఫోల్డర్‌లోకి వెళ్లే స్కాన్ కూడా ఆగిపోయిందా? విండోస్ 11 24హెచ్2 వెర్షన్ నుంచి ప్రో ఎడిషన్‌లో ఫోల్డర్ షేరింగ్‌కు ఎస్‌ఎంబీ సైనింగ్, అంటే పంపే ప్రతి సందేశానికీ డిజిటల్ సంతకం, తప్పనిసరి. పాత మెషీన్లలో చాలావాటికి అది రాదు. పెన్‌డ్రైవ్‌లోకి స్కాన్ చేసుకోండి, పని జరుగుతుంది.

చివరి పరీక్షగా అకౌంటెంట్ గారి కంప్యూటర్‌ను ఆపేయించి, పక్క టేబుల్ నుంచి చలానా పంపాం. వచ్చింది. ఆయన మాత్రం కాస్త చిన్నబోయారు, ఇక ప్రింటు కోసం ఎవరూ ఆయనను బతిమాలుకోనక్కర్లేదు కదా.