డిస్కౌంట్ తీసేస్తే ఆర్డర్లు ఎందుకు పడిపోతాయి? (ఫోన్-ఇన్ నుంచి)

యాంకర్: లైన్‌లో ఉన్నారా? టీవీ సౌండ్ తగ్గించి మాట్లాడండి.

కాలర్: నమస్కారం మేడమ్. నాది చిన్న కిచెన్. కూర్చుని తినే చోటు లేదు, అంతా యాప్ ఆర్డర్లే. డిస్కౌంట్ ఉన్నన్నాళ్లూ బాగానే వచ్చాయి, తీసేయగానే పడిపోయాయి. మా బావమరిది ఇంకా పెంచమంటాడు, మా ఆవిడేమో వద్దంటుంది. మధ్యలో డబ్బాలు మార్చాను, అవి కారిపోతున్నాయి, అదో గొడవ...

యాంకర్: ప్రశ్న అడగండి సార్.

కాలర్: అదే, డిస్కౌంట్ పెంచమంటారా?

నిపుణురాలు: వద్దు. వాళ్లు తగ్గింపు కోసం వచ్చారు, మీ కోసం కాదు. ఫోన్‌లో రెండు మూడు యాప్‌లుంటాయి, ఎక్కడ తక్కువైతే అక్కడికే పోతారు. మామూలు రేటుకి రెండోసారి ఆర్డర్ పెట్టినవాళ్లెందరో లెక్క చూశారా?

కాలర్: లేదండీ.

నిపుణురాలు: అది చూడండి. వంటకి టైమెంత పెట్టారు?

కాలర్: 15 నిమిషాలు. రద్దీలో 30 పడుతుంది.

నిపుణురాలు: అయితే 30 అనే పెట్టండి. చెప్పిన టైమ్ తప్పొద్దు. ఎదురుచూపుల మీద 1985లో డేవిడ్ మైస్టర్ అనే మేనేజ్‌మెంట్ నిపుణుడు రాశారు, ఎంతసేపో తెలియకపోతే అదే సమయం ఇంకా ఎక్కువ అనిపిస్తుందని. ఆకలి మీదున్న మనిషికి చెప్పాలా!

కాలర్: నిజమే మేడమ్. మరి డిస్కౌంట్ కాస్తయినా పెంచితే...

నిపుణురాలు: (నవ్వుతూ) మళ్లీ అక్కడికే వచ్చారా! ముందు కారే డబ్బాల సంగతి చూడండి బాబూ.

కాలర్: మొన్న ఒక ఐటమ్ పెట్టడం మర్చిపోయాం. ఒక్క స్టార్ ఇచ్చారు. నేనూ గట్టిగానే రిప్లై ఇచ్చాను.

నిపుణురాలు: అయ్యో! ఆ రిప్లై కొత్తగా వచ్చే ప్రతివాళ్లూ చదువుతారండీ. తప్పు ఒప్పుకుని వెంటనే సర్దితే, ఒక్కోసారి ఏ తప్పూ జరగనప్పటికన్నా ఎక్కువ నమ్ముతారు. సర్వీస్ రికవరీ పారడాక్స్ అంటారు దీన్ని. అలాగని ధీమా వద్దు, అదే తప్పు రెండోసారి చేస్తే ఇక రారు.

యాంకర్: థాంక్యూ సార్. తర్వాతి కాలర్?

కాలర్: మేడమ్, పార్సిల్ సీల్ చిరిగి వచ్చింది. డబ్బు వెనక్కి అడిగితే కూపన్ ఇస్తామంటున్నారు...

నిపుణురాలు: తినకండమ్మా. ఫోటో తీసి యాప్‌లోనే కంప్లయింట్ పెట్టండి. కూపన్ వద్దు, డబ్బే కావాలని రాయండి. డబ్బు బదులు కూపన్ అంటగడితే నమ్మకం ఎక్కడ మిగులుతుంది?

యాంకర్: ఇంకొకరు, త్వరగా.

కాలర్: నేను డెలివరీ చేస్తానండీ. కిచెన్‌లో లేటైతే రేటింగ్ నాకు పోతోంది.

నిపుణురాలు: చూశారా! అందుకే చెప్పిన టైమ్ తప్పొద్దని మొత్తుకునేది. మీరు ఆర్డర్ కోసం ఆగినప్పుడే యాప్‌లో నమోదు చేయండి, ఇంటి దగ్గరికి వెళ్లాక ఎవరూ వినరు. ఆ మొదటాయన లైన్‌లో ఉన్నారా? 15 నిమిషాలు మార్చారేమో అడగండి.

యాంకర్: కట్ అయింది మేడమ్.