సిరీస్ ఎన్ని సీజన్లు నడవాలి? బ్రేకింగ్ బ్యాడ్, డెక్స్టర్ పక్కపక్కన పెట్టి చూద్దాం

అందరికీ నమస్కారం. 2013 సెప్టెంబర్‌లో వారం తేడాతో రెండు పెద్ద అమెరికన్ సిరీస్‌లు ముగిశాయి. 22వ తేదీన షోటైమ్‌లో డెక్స్టర్ ఆఖరి ఎపిసోడ్, 29న ఏఎంసీలో బ్రేకింగ్ బ్యాడ్ ఆఖరి ఎపిసోడ్ వచ్చాయి. డెక్స్టర్ 8 సీజన్లు, 96 ఎపిసోడ్లు. బ్రేకింగ్ బ్యాడ్ 5 సీజన్లు, 62 ఎపిసోడ్లు. మొదటిదాని ముగింపు చూసి అభిమానులు తల పట్టుకున్నారు. రెండోదాని ముగింపు గురించి ఇవాళ్టికీ గొప్పగా చెప్పుకుంటారు. ఒక డ్రామా ఎన్ని సీజన్లు నడవాలి అనే ప్రశ్నకి ఈ రెండింటినీ మించిన ఉదాహరణ నాకు కనపడలేదు. రెండు కథలూ చివరిదాకా చెప్పేస్తాను. కాబట్టి చూడనివాళ్లు ఇక్కడే ఆపేసి, చూశాక మళ్లీ రండి.

ఈ రెండే ఎందుకంటే, రెండింటి పునాదీ ఒకటే. వాల్టర్ వైట్ ఆల్బకర్కీలో కెమిస్ట్రీ మాస్టారు. లంగ్ క్యాన్సర్ అని తెలిశాక మెత్ అనే మత్తుమందు వండటం మొదలుపెడతాడు. అతని తోడల్లుడు హ్యాంక్ డ్రగ్స్ కేసులు పట్టుకునే డీఈఏలో ఆఫీసర్. అటు డెక్స్టర్ మయామి పోలీస్ శాఖలో రక్తపు మరకలు చూసి నేరం ఎలా జరిగిందో చెప్పే నిపుణుడు. రాత్రయితే హంతకుల్ని వెతికి చంపుతుంటాడు. అతనితో కలిసి పెరిగిన చెల్లెలు డెబ్ అదే శాఖలో డిటెక్టివ్. రెండు చోట్లా మనల్ని కూర్చోబెట్టే టెన్షన్ ఒక్కటే. ఇంట్లో మనిషే పోలీసు. ఆ మనిషికి నిజం ఎప్పుడు తెలుస్తుంది?

ఇప్పుడు రెండు సీన్లు చెప్తాను. నా వాదనంతా వాటిలోనే ఉంది.

డెక్స్టర్ ఐదో సీజన్ చివరి ఎపిసోడ్. డెక్స్టర్, తన మీద దాడి చేసినవాళ్ల మీద అతని సాయంతో పగ తీర్చుకుంటున్న లూమెన్ అప్పుడే ఒక హత్య చేసి ఉన్నారు. చుట్టూ కట్టిన ప్లాస్టిక్ షీట్ వెనక ఇద్దరి నీడలు మాత్రం కనిపిస్తుంటాయి. ఈ వైపు డెబ్, చేతిలో తుపాకీ. ఒక్క చెయ్యి చాపి ఆ షీట్ పక్కకి లాగితే చాలు. ఐదేళ్లుగా మనం ఎదురుచూస్తున్న క్షణం అదే. కానీ ఆమె లాగదు. పోలీసుల్ని పిలిచేలోపు వెళ్లిపొమ్మని చెప్పి తనే వెనక్కి తిరుగుతుంది. కథ మళ్లీ మొదటికొచ్చింది. పాత్ర వైపు నుంచి దానికి ఒక కారణం చూపించారు. దాడికి గురైన ఆ అమ్మాయి మీద డెబ్‌కి జాలి ఉంది, సరే. కానీ చూస్తున్న మనకి అర్థమైపోతుంది. షీట్ లాగితే సిరీస్ అయిపోతుందన్న భయం డెబ్‌ది కాదు, రాస్తున్నవాళ్లది.

ఇక బ్రేకింగ్ బ్యాడ్. ఐదో సీజన్ ఎనిమిదో ఎపిసోడ్‌లో హ్యాంక్ వాల్టర్ ఇంట్లో బాత్రూమ్‌కి వెళ్తాడు. అక్కడ వాల్ట్ విట్మన్ కవితల పుస్తకం కనిపిస్తుంది. లోపల చేత్తో రాసిన రెండు లైన్లు చదవగానే, తను వెతుకుతున్న నేరస్థుడు వాల్టరే అని అర్థమై బుర్ర తిరిగిపోతుంది. సీజన్ అక్కడ సగంలో ఆగింది. దాదాపు ఏడాది గ్యాప్. ఇంకో సిరీస్ అయితే తర్వాతి ఎనిమిది ఎపిసోడ్లూ దొంగా పోలీసు ఆట నడిపేది. హ్యాంక్ అనుమానిస్తాడు, వాల్టర్ తప్పించుకుంటాడు, మళ్లీ హ్యాంక్ అనుమానిస్తాడు, అలా. ఇక్కడ మాత్రం తిరిగి వచ్చిన మొదటి ఎపిసోడ్‌లోనే ఇద్దరూ హ్యాంక్ గ్యారేజీలో ఎదురెదురుగా నిలబడతారు. హ్యాంక్ రిమోట్ నొక్కుతాడు. షట్టర్ మెల్లగా కిందికి దిగుతుంది. బయట ఒక పిల్లాడు బొమ్మ కారు నడుపుకుంటున్నాడు. షట్టర్ నేలకి ఆనగానే హ్యాంక్ గుద్దుతాడు. ఐదు సీజన్లు దాచుకున్న రహస్యాన్ని ఒక్క సీన్‌లో ఖర్చుపెట్టేశారు.

అంత ధైర్యం ఎక్కడి నుంచి వచ్చింది? ఇంకా ఎన్ని గంటల కథ మిగిలి ఉందో వాళ్లకి తెలుసు కాబట్టి వచ్చింది. 2011 ఆగస్టులో, నాలుగో సీజన్ ప్రసారమవుతుండగానే, ఇంకో 16 ఎపిసోడ్లతో సిరీస్ ముగుస్తుందని ఖరారైంది. అంతకుముందు ఛానల్‌కీ, నిర్మాణ సంస్థ సోనీకీ మధ్య బడ్జెట్ మీద బేరాలు గట్టిగానే నడిచాయి. అవి తేలాక సృష్టికర్త విన్స్ గిలిగన్‌కి చేతికొచ్చింది ఒక లెక్క. 16. ఆ లెక్క ఉంటే దాచుకోవాల్సిన పనిలేదు. లెక్క లేనివాళ్లు వచ్చే ఏడాదికి ఏం మిగలదో అన్న భయంతో ప్రతిదీ దాచుకుంటూ పోతారు. డెక్స్టర్‌లో జరిగింది అదే.

మొదటి రోజు నుంచే ముగింపు రాసిపెట్టుకోవాలని నేను అనడం లేదు. చాలామంది అలా అనుకుంటారు కానీ బ్రేకింగ్ బ్యాడే దానికి విరుద్ధం. ఐదో సీజన్ మొదటి సీన్ గుర్తు తెచ్చుకోండి. గడ్డం, జుట్టు పెంచుకుని, దొంగ పేరుతో తిరుగుతున్న వాల్టర్ ఒక హోటల్ పార్కింగ్‌లో కారు డిక్కీ తెరుస్తాడు. లోపల పెద్ద మెషిన్ గన్. ఆ సీన్ తీసినప్పుడు ఆ తుపాకీతో ఏం చేయిస్తామో రచయితలకే తెలియదని గిలిగన్ తర్వాత చెప్పాడు. అంటే ఏం జరగబోతోందో తెలియకపోయినా, ఎన్ని ఎపిసోడ్లలో జరిగి తీరాలో తెలుసు. మంచి ముగింపుకి అది సరిపోయింది.

ఆ సీన్‌లోనే ఇంకొకటి ఉంది. మొట్టమొదటి ఎపిసోడ్‌లో వాల్టర్ 50వ పుట్టినరోజున భార్య స్కైలర్ టిఫిన్ ప్లేట్‌లో బేకన్ ముక్కలతో 50 అంకె పేర్చి పెడుతుంది. ఐదో సీజన్‌లో 51వ పుట్టినరోజుకీ ఆమే పేరుస్తుంది, కానీ ముఖంలో నెత్తురు చుక్క ఉండదు. ఇక ఈ హోటల్ సీన్‌లో వాల్టర్ ఒంటరిగా కూర్చుని తన బేకన్ తానే విరిచి 52 అని పేర్చుకుంటాడు. మనం ఐదేళ్ల పైచిలుకు చూశాం కానీ కథలో గడిచింది రెండేళ్లే! ఆ రెండేళ్లలో మంచి మాస్టారు పూర్తిగా విలన్ అవ్వాలి. గిలిగన్ మొదటి నుంచీ పెట్టుకున్న ఉద్దేశం అదే, హీరోని విలన్‌గా మార్చడం. అలాంటి కథకి చివరి గీత దానంతటదే ఉంటుంది. పూర్తిగా విలన్ అయ్యాక ఇంకేం మారతాడు?

డెక్స్టర్‌కీ అలాంటి చివరి గీత ఒకటి వచ్చింది. నాలుగో సీజన్. జాన్ లిత్‌గో ట్రినిటీ కిల్లర్‌గా చేసిన సీజన్. 2009 డిసెంబర్‌లో వచ్చిన దాని ఆఖరి ఎపిసోడ్‌లో, ట్రినిటీని చంపేసి, ఇక కుటుంబంతో ప్రశాంతంగా బతకొచ్చనుకుంటూ డెక్స్టర్ ఇంటికొస్తాడు. బాత్‌టబ్‌లో భార్య రీటా శవం. నేల మీద నెత్తుట్లో కూర్చుని ఏడుస్తున్న పసివాడు. డెక్స్టర్ కూడా చిన్నప్పుడు సరిగ్గా అలాగే తల్లి రక్తంలో కూర్చుని దొరికినవాడు. తన లోపలి రాక్షసుడు పుట్టిన చోటికే తన కొడుకుని తెచ్చి కూర్చోబెట్టాడు. కథ అడిగిన ప్రశ్నకి జవాబు దొరికేసింది. రాక్షసుణ్ణి అదుపులో పెట్టుకుని మామూలు మనిషిలా బతకడం కుదరదు. ఆ నాలుగు సీజన్లూ నడిపించిన క్లైడ్ ఫిలిప్స్ కూడా అక్కడితో సిరీస్ నుంచి తప్పుకున్నాడు.

ఆ తర్వాత ఇంకో నాలుగు సీజన్లు! 48 ఎపిసోడ్లు. చెప్పాలంటే నాకు కోపం కన్నా బాధే ఎక్కువ. డెక్స్టర్‌గా మైఖేల్ సి. హాల్, డెబ్‌గా జెన్నిఫర్ కార్పెంటర్ చివరిదాకా ప్రాణం పెట్టి చేశారు. ఏడో సీజన్‌లో డెబ్‌కి నిజం తెలిశాక ఇద్దరి మధ్య వచ్చే సీన్లు చూడండి, ఎంత బాగుంటాయో. కానీ అప్పటికే ఆలస్యమైంది. ఏటా కొత్త విలన్ రావడం, ఏటా డెక్స్టర్ తన గురించి ఏదో తెలుసుకున్నట్టు మాట్లాడటం, తర్వాతి సీజన్‌లో అదంతా మర్చిపోవడం. చివరికి చెల్లెలు చనిపోయి, తను పడవలో తుపానులోకి వెళ్లిపోయి, ఎక్కడో చెట్లు నరికే పనిలో తేలతాడు. అతన్ని చంపడానికి ఛానల్ ఒప్పుకోలేదని నిర్మాతల్లో ఒకరైన జాన్ గోల్డ్విన్ తర్వాత చెప్పాడు. 2021లో డెక్స్టర్ న్యూ బ్లడ్ పేరుతో మళ్లీ తీసి, పది ఎపిసోడ్ల చివర కొడుకు చేతిలో చనిపోయినట్టు చూపించారు. 2025లో ఆ చావు చావే కాదని మళ్లీ లేపారు. హీరో చావుకే విలువ లేకపోతే మిగతా టెన్షన్‌కి విలువ ఎక్కడ ఉంటుంది చెప్పండి?

ఈ సాగదీత వెనక డబ్బు లెక్క ఉంది. అమెరికా టీవీలో పాత పద్ధతి ఏంటంటే, ఏడాదికి 22 ఎపిసోడ్ల చొప్పున నాలుగైదేళ్లు నడిపి 100 దగ్గరికి చేర్చడం. 100 ఉంటే ఊరూరి స్టేషన్లకి రోజూ వేసుకునే రీరన్‌గా అమ్మొచ్చు. దాన్నే సిండికేషన్ అంటారు. స్టూడియోకి అసలు లాభం అక్కడ. కాబట్టి ఆ వంద కథలోంచి పుట్టిన అంకె కాదు, అమ్మకంలోంచి పుట్టింది. ఆసుపత్రి కథలకి అది బాగానే సరిపోతుంది, ఎందుకంటే వారం వారం కొత్త రోగి వస్తాడు. 2005లో మొదలైన గ్రేస్ అనాటమీ 20 సీజన్లు దాటిపోయింది, దాని మీద నాకేం ఫిర్యాదు లేదు. మన డైలీ సీరియల్ కూడా అంతే. కార్తీకదీపం 2017 నుంచి 2023 దాకా నడిచింది. దాన్ని రాత్రి భోజనాల వేళ ఇంటిల్లిపాదీ కూర్చుని చూసేవాళ్లు. వంటలక్క ఇంటిమనిషి అయిపోయింది. రోజూ పలకరించే మనిషి త్వరగా వెళ్లిపోవాలని ఎవరూ కోరుకోరు. కానీ ఒక మనిషి పతనం చెప్తానని మొదలుపెట్టిన కథ రోజూ పలకరింపుకి రాలేదు. అది ఒక చోటికి వెళ్లాలి.

లెక్క తెలిస్తే ఎంత తేడా వస్తుందో లాస్ట్ అనే సిరీస్‌లో చూడొచ్చు. మూడో సీజన్‌లో చెప్పడానికేం లేక, హీరో జాక్ చేతి మీది పచ్చబొట్టు ఎలా వచ్చిందో ఒక ఎపిసోడ్ మొత్తం ఫ్లాష్‌బ్యాక్ వేశారు. ఎవరు అడిగారు దాన్ని? ఛానల్‌ని ముగింపు తేదీకి ఒప్పించడానికి ఆ ఎపిసోడే పనికొచ్చిందని షోరన్నర్, అంటే సిరీస్‌ని నడిపించే ప్రధాన రచయిత, డేమన్ లిండెలాఫ్ తర్వాత చెప్పాడు. 2010లో ఆపేస్తామని 2007 మేలో ప్రకటించారు. ముగింపు మీద గొడవలు ఎన్నున్నా, ఆ తర్వాత వచ్చిన నాలుగో సీజన్ పరిగెత్తింది.

అలాగని త్వరగా ముగిస్తే చాలు, మంచిదైపోతుందా? కాదు. గేమ్ ఆఫ్ థ్రోన్స్‌కి హెచ్‌బీఓ ఇంకా నడపడానికి సిద్ధంగానే ఉంది. తీసేవాళ్లే ఏడో సీజన్‌ని 7 ఎపిసోడ్లకి, ఎనిమిదో సీజన్‌ని 6కి కుదించి 73 దగ్గర ముగించారు. మొదటి సీజన్‌లో రాజు, నెడ్ స్టార్క్ ఉత్తరం నుంచి రాజధానికి ప్రయాణం చేస్తుంటే దారిలోనే పెద్ద గొడవ జరిగి, ఒక తోడేలు ప్రాణం పోతుంది. అంత దూరం ఉన్నట్టు మనకి ఒంటికి తెలిసేది. ఏడో సీజన్‌కి వచ్చేసరికి ఉత్తరపు సరిహద్దు గోడ దగ్గర్నుంచి కాకి కబురు వెళ్లడం, డ్రాగన్లు వచ్చేయడం అన్నీ ఒకే ఎపిసోడ్‌లో అయిపోతాయి. డ్రాగన్ల రాణి డెనేరిస్ చివర్లో రాజధాని నగరాన్ని తగలబెట్టడం నాకు తప్పనిపించలేదు. ఆమెలో ఆ నిప్పు మొదటి నుంచీ ఉంది. కానీ ఆ మార్పుకి కనీసం ఇంకో ఆరేడు ఎపిసోడ్లు కావాలి. అవి ఇవ్వలేదు.

నెమ్మదిగా సాగడం వేరు, సాగదీయడం వేరు. బ్రేకింగ్ బ్యాడ్ మూడో సీజన్‌లో ఫ్లై అనే ఎపిసోడ్ ఉంది. బడ్జెట్ చాలక ల్యాబ్ దాటకుండా తీశారు. వాల్టర్, అతనితో కలిసి మెత్ వండే జెస్సీ ఒక ఈగని పట్టుకోవడానికి తిప్పలు పడతారు, అంతే. బోర్ అని తిట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నాకు మాత్రం సిరీస్ గుండెకాయ అదే. నిద్రమాత్రల మత్తులో వాల్టర్ తను చనిపోవాల్సిన సరైన క్షణం దాటిపోయిందని అంటాడు. ఏ రాత్రో వెతుక్కుంటూ వెనక్కి వెళ్తాడు. బేబీ మానిటర్‌లోంచి స్కైలర్ జోలపాట వినిపిస్తున్న రాత్రి అది. అక్కడ ఆగిపోయి ఉంటే ఎంత బాగుండేదో అంటాడు. పక్కన నిచ్చెన మీద నిలబడ్డ జెస్సీకి ఆ మాటల్లో ఏం దాగుందో తెలియదు. అదే రాత్రి జెస్సీ ప్రియురాలు జేన్ చనిపోతుంటే వాల్టర్ చూస్తూ నిలబడ్డాడని మనకి తెలుసు. కథ అంగుళం కదలకుండానే మనిషి లోపల ఎంత కుళ్లాడో చూపించిన ఎపిసోడ్ అది. ఇలాంటివి ఎన్ని ఉన్నా నేను సాగదీత అనను.

ఇక నా తీర్పు. ఒకే మనిషి మార్పు చుట్టూ తిరిగే డ్రామాకి నాలుగు లేదా ఐదు సీజన్లు, మొత్తం 60 ఎపిసోడ్లకి అటూ ఇటూ. మూడో సీజన్ అయ్యేలోపు ఎక్కడ ఆపుతారో ఛానల్ తేల్చేయాలి. ది వైర్ ఐదు సీజన్లు, 60 ఎపిసోడ్లు. సక్సెషన్ నాలుగు సీజన్లు, 39 ఎపిసోడ్లు. రెండూ ఇంకొంచెం ఉంటే బాగుండు అనిపించే చోట ఆగాయి.

ఇప్పుడు కొత్తగా డెక్స్టర్ మొదలుపెట్టేవాళ్లు నాలుగో సీజన్ 12వ ఎపిసోడ్ దాకా చూసి టీవీ కట్టేయండి. 48 ఎపిసోడ్లు, సంపూర్ణమైన కథ. ఆ తర్వాత ఉండబట్టలేకపోతే ఆరో సీజన్ ఆఖరి సీన్, దాని వెంటనే ఏడో సీజన్ మొదటి ఎపిసోడ్ చూడండి, డెబ్ కోసం. బ్రేకింగ్ బ్యాడ్ అయితే 62 ఎపిసోడ్లూ వరసగా చూడండి. ఫ్లై వచ్చినప్పుడు మాత్రం ఫోన్ పక్కన పెట్టి చూడండి, దాటేయకండి.